అలికసుదరుఁడు: ఒక యవననామ చరిత్రము

మనుష్యుని యాయువునకు హద్దు గలదు; పేరి యాయువునకు హద్దు లేదు. కొన్ని పేరులు తమ్ము ధరించినవారితోఁ గూడ మట్టిలోఁ గలియును. మఱికొన్ని దేశములు దాఁటి, భాషలు మాఱి, మతములు మాఱి, తుదకుఁ దమ పుట్టినయిల్లు ఎవరికిని జ్ఞప్తికి రాని రూపముతో మన వాకిటికి వచ్చి నిలుచును. మనము వానిని దినదినము పలుకుచునే యుందుము. అవి యెక్కడివో యడుగము.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022 మొదలుగాఁ బరిపాలనమునకు ఎన్టీఆర్ జిల్లాలోఁ జేరినను, చరిత్రమునఁ గృష్ణామండలపు మెట్టసీమయే. ఈ సీమవారికిఁ బేరుల కథకు దూరపు టుదాహరణము లక్కఱలేదు. జగ్గయ్యపేటకుఁ బూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు తన తండ్రియైన జగ్గయ్య పేరు నిలుచుటకై యా యూరి కాపేరు పెట్టెను. ఇది పితృభక్తిచేఁ బుట్టిన పేరు. దీని మూలము మనకుఁ దెలిసినదే. కాని యీ రెండూళ్ల ప్రక్కగాఁ బోవు బందరు-హైదరాబాదు రహదారిని బట్టి పడమటికి సాగినచో సికింద్రాబాదు తగులును. ఆ పేరులోని 'సికందరు' ఎవఁడు? ఒక నిజామని కొందఱు చెప్పుదురు. అది నిజమే. ఆ నిజామున కాపేరెక్కడిది? ఈ ప్రశ్నను వెంబడించినచో మనము రెండువేల మున్నూఱేండ్లు వెనుకకు, మక్దూనియా దేశమువఱకును, అంతకంటెను వెనుకకుఁ బోవలసివచ్చును. ఆ ప్రయాణములోఁ బేరు దేనిచేత నిలుచునను ప్రశ్నకుఁ గూడ నొక సమాధానము దొరకును. ఆ సమాధానమునకే యీ వ్యాసము.

ఈ పేరి యసలు రూపము గ్రీకుభాషలో 'అలెక్సాండ్రోస్'. ఇది సమాసము. 'అలెక్సో' యనఁగా అడ్డుపడి కాపాడుదునని యర్థము. 'అనేర్' యనఁగాఁ బురుషుఁడు. షష్ఠిలో నది 'ఆండ్రోస్' అగును. సమాసార్థము 'నరులను రక్షించువాఁడు'. సంస్కృతము చదివినవారి కిందొక వింత గానవచ్చును. గ్రీకు 'అలెక్స్' ధాతువును మన 'రక్ష్' ధాతువును నొక్క మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. గ్రీకు 'అనేర్' శబ్దమును మన 'నృ' శబ్దమును నట్టి దాయాదులే. వినుట కెంతమాత్రము పోలిక లేకున్నను అలెక్సాండ్రోసును నరరక్షకుఁడును ఒక యింటి బిడ్డలన్నమాట. నరులను బాలించువాఁడు గనుక రాజును నృపుఁడని మన మందుము. ఆ యూహయే గ్రీకులలో నొక మనుష్యుని పేరైనది.

ఇట నొక హెచ్చరిక యవసరము. సికందరు, స్కందుఁడు అను పేరులు చెవికి దగ్గఱగా నున్నవని చూచి, యొకటి రెండవదానినుండి పుట్టినదని వాదించినవారు గలరు. స్కందనామము ఛాందోగ్యోపనిషత్తులోనే యున్నది. మక్దూనియారాజు పుట్టుకకు బహుపూర్వమున నది మన దేశమున వాడుకలో నుండెను. సికందరు రూపమో, యా రాజు చనిపోయిన యెన్నో శతాబ్దములకుఁ బారసీ, అరబ్బీ నోళ్లలోఁ దయారైనది. దగ్గఱగా వినఁబడునవి చుట్టములు కావు. చుట్టములైనవి దగ్గఱగా వినఁబడవు. భాషాచరిత్రమున మొదటి పాఠమిది. స్వదేశాభిమానముచేతఁ బ్రపంచమందలి ప్రతిపదమును మనదే యనువారును, పరదేశవ్యామోహముచేత మనదంతయు నితరులదే యనువారును ఈ పాఠమునే మఱతురు.

అలెగ్జాండరనఁగానే మనకొక్క జగజ్జేత తోఁచును. కాని యాతఁ డీపేరు ధరించినవారిలో మొదటివాఁడు కాఁడు; మొదటి పదిమందిలోని వాఁడును గాఁడు. క్రీస్తునకుఁ బూర్వము 13వ శతాబ్దమున గ్రీసుదేశపు మైసీనీ నగరమున నధికారులు మట్టిపలకలపై లెక్కలు వ్రాసికొనుచుండిరి. నగరము దగ్ధమైనప్పు డా పచ్చిపలకలు కాలి యిటుకలవలె గట్టిపడి నిలిచినవి. ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిసను నాంగ్లేయుఁడు చదువఁగల్గెను. వానిలో స్త్రీల పేరులపట్టిక గల యొక పలకపై 'అలెక్సాండ్రా' యను నామము గలదు. మనకుఁ దెలిసిన గ్రీకువ్రాఁతలలో నీ పేరునకుఁ బ్రాచీనతమమైన సాక్ష్య మిదియే. అనఁగా నరరక్షక నామమును ధరించినట్లు మనకుఁ దెలిసినవారిలో మొదటి వ్యక్తి యొక స్త్రీ. ఆమె యెవరి కూఁతురో, యేమి చేసెనో తెలియదు. ఏ రాజును శిలాశాసనము వేయింపలేదు. ఏ కవియుఁ బాడలేదు. ఒక లెక్కలవ్రాయసకాఁడు తన పనిలో భాగముగా నామె పేరు వ్రాసెను, అదియే చాలినది.

ఆ శతాబ్దపు టారంభముననే ఆసియామైనరునందలి హిత్తీయుల చక్రవర్తి మువాతల్లి, విలూసా యను రాజ్యపు ప్రభువైన 'అలక్సందు'తో సంధి చేసికొనెను. విలూసాయే గ్రీకులు పాడిన ట్రాయ్ పట్టణమని పెక్కుమంది పండితుల యభిప్రాయము. హోమరు కావ్యమున ట్రాయ్ రాజకుమారుఁడై హెలెనును గొనిపోయిన పారిస్‌కుఁ గూడ అలెక్సాండ్రోసు రెండవ పేరు. పసులఁ గాయుచు దొంగలను దఱిమి మందను రక్షించినందున నతని కాపేరు వచ్చెనని గ్రీకుల కథ. మందను రక్షించినవాఁడే తన నగరమును నాశము చేసెను. పేరున కర్థము మంచిదైనంత మాత్రమున మనిషి మంచివాఁడు కాఁడని గ్రీకులు తొల్లియే యెఱుఁగుదురు.

మక్దూనియా రాజవంశమునకు వచ్చుసరికి ఈ పేరు పరంపరాగతమైనది. ఫిలిప్పు కుమారుఁడై క్రీ. పూ. 356లోఁ బుట్టినవాఁ డా వంశపు సింహాసనమున మూఁడవ అలెగ్జాండరు. క్రీ. పూ. 335లోఁ దిరుగఁబడిన థీబ్స్ నగరమును నేలమట్టము చేసి, ముప్పదివేలమందిని బానిసలుగా నమ్మించెను. పిండరుకవి యిల్లు మాత్రము విడిచెను. క్రీ. పూ. 331లో నైగుప్తదేశమునఁ దన పేర మహానగరమును వెలయించెను. క్రీ. పూ. 326లో వితస్తానదీతీరమునఁ బౌరవుని గెలిచి, విపాశ దాఁటుటకు సేనలు నిరాకరింపఁగా మరలిపోయి, ముప్పదిమూఁడేండ్లు నిండకయే క్రీ. పూ. 323లో బాబిలోనునఁ జనిపోయెను. ఆతని మరణానంతరమున రొక్సానాకుఁ గుమారుఁడు పుట్టెను. వానికిఁ దండ్రిపేరే పెట్టిరి. నాల్గవ అలెగ్జాండరని రాజ్యాభిషేకమును జేసిరి. తండ్రి సేనానులు రాజ్యమునకై తమలోఁ దాము పోరాడుచు, క్రీ. పూ. 310 ప్రాంతమున నాబాలుని దల్లితోఁ గూడఁ జంపించిరి. లోకమంతయు వడఁకిన పేరు కన్నకొడుకును బదునాలుగేండ్లయిన రక్షింపలేకపోయెను.

ఈ విజేత దక్షిణాపథమునకు రానేలేదు. మన ప్రాచీనులు సమకాలమున నతనిఁ గూర్చి యొక్క ముక్కయైన వ్రాసినట్లు కానరాదు. అయినను అలెగ్జాండరను పేరు మాత్ర మాతనితరువాత డెబ్బదియేండ్లలోఁ దెలుఁగుగడ్డను జేరినది. అదియు యుద్ధముచేఁ గాదు. అశోకచక్రవర్తి కళింగయుద్ధానంతరమునఁ బశ్చాత్తప్తుఁడై క్రీ. పూ. 256 ప్రాంతమున వ్రాయించిన పదుమూఁడవ శిలాశాసనమున, శస్త్రవిజయముకంటె ధర్మవిజయమే విజయమని చెప్పి, తన ధర్మము చేరిన యవనరాజుల నైదుగురను బేర్కొనెను. అంతియోకుఁడు, తురమయుఁడు, అంతికినుఁడు, మగుఁడు, అలికసుదరుఁడు అను వారే యా యైదుగురు. వాయవ్యదేశపు షాబాజ్‌గఢీ శిలపై నీ కడపటి పేరు 'అలికసుదరో' యని యున్నది. రేఫకు లకారము పలుకు ప్రాకృతముగల కాల్సీశిలపై 'అలిక్యషుదలే' యని యున్నది. ఈయన జగజ్జేత కాఁడు. పిర్రసు కుమారుఁడైన ఎపిరసురాజని కొందఱును, కొరింతు ప్రభువని కొందఱును జెప్పుదురు.

మనకుఁ బ్రీతికరమైన విశేష మొకటి గలదు. అదే శాసనమున, యవనరాజుల పేరుల ననుసరించి వచ్చు జనముల పట్టికలో, ఆంధ్రులును బేర్కొనఁబడిరి. అలెగ్జాండరుపేరును ఆంధ్రులపేరును ఒకే శాసనమునఁ జేరుట యిదియే మొదలు. ఈ పదుమూఁడవ శాసనము గల ప్రతులలో నొకటి మన కర్నూలుమండలమున, గుత్తికిఁ బత్తికొండకు నడుమ నున్న ఎఱ్ఱగుడి బండలపై 1929 ప్రాంతమున వెలుఁగు చూచినది. ఆ నామము నెత్తిమీఁదఁ గత్తితో నీ దేశమునకు రాలేదు. పశ్చాత్తాపముతోఁ బశుపక్షులయెడఁ గూడ దయ బోధించిన శాసనములతో వచ్చినది. ఈ వరుసలో మఱియొక చమత్కారము. అశోకశాసనముల నన్నిటిని జేర్చి 1877లో మొదటి సంపుటముగాఁ బ్రకటించినవాఁడు భారత పురావస్తుశాఖకు మూలపురుషుఁడైన కన్నింగ్‌హామ్. ఆయన పేరును అలెగ్జాండరే.

అటుపిమ్మట నీ నామము బౌద్ధవాఙ్మయమునఁ గానవచ్చును. విజేత పేర వెలసిన పట్టణములు పాళీభాషలో 'అలసంద' లైనవి. మిళిందపఞ్హలో నాగసేనభిక్షువుతో వాదించిన యవనరాజు మిళిందుఁడు తాను అలసందద్వీపమునఁ బుట్టితినని చెప్పును. సింహళచరిత్రమైన మహావంసము, అనురాధపురమున మహాస్తూపము నారంభించునపుడు అలసందనుండి యవనస్థవిరుఁడైన మహాధర్మరక్షితుఁడు భిక్షుసంఘముతో వచ్చెనని చెప్పుచున్నది. మన మెట్టసీమయును ఆ లోకమునకు వెలియై లేదు. నందిగామ ప్రాంతపు అల్లూరులో దొరకిన ప్రాచీన బ్రాహ్మీశాసనము, పూర్వశైలీయ భిక్షువులకు నొసఁగిన దానములలో గోవులతోను లోహపాత్రలతోను బాటు 'యోనక దీపిక'లనుగూడఁ బేర్కొనుచున్నది. యవనుల రీతిని జేసిన దీపము మున్నేటి పరిసరములందలి విహారములో వెలిఁగెను. యవనుల ఖడ్గ మిచ్చటికి రాలేదు, దీపము వచ్చినది.

'యవన' శబ్దము తరువాత నొక దారిఁ దొక్కినది. అయోనియా గ్రీకులను జెప్పుటకుఁ బుట్టిన యా మాట, మధ్యయుగమునఁ బడమటినుండి వచ్చిన తురుష్కులకు వాచకమైనది. శ్రీకృష్ణదేవరాయల బిరుదములలోని 'యవనరాజ్యస్థాపనాచార్య' యనుదానికి గ్రీకులతో నే సంబంధమును లేదు. ఈ మార్పు జరుగుచుండఁగానే, అలెగ్జాండరు నామమును వేషము మార్చుకొనుచుండెను. అరబ్బులు మొదటి 'అల్'ను దమ భాషలోని యుపపదముగా భావించి విడఁదీసిరి; 'క్స' తాఱుమాఱై 'స్క' ఆయెను; 'అల్ ఇస్కందర్' పుట్టెను. అదియే పారసీకమున సికందరు. ఆ పారసీకుల యింటనే యీ పేరి గతి మిక్కిలి విచిత్రమైనది. తమ రాజ్యమును గూల్చి రాజధానిని దగులఁబెట్టినవాని నచ్చటి జరతుష్ట్రమతస్థులు 'శాపగ్రస్తుఁ'డని పిలిచిరి. పిమ్మటి కవులో, యాతనిని దమవానినిగానే చేసికొనిరి. ఫిరదౌసి షాహనామాలో సికందరు పారసీకరాజు కొడుకే, డేరియసునకు సవతియన్న. నిజామీకవి 12వ శతాబ్దపుటంతమున నతనిని తత్త్వజిజ్ఞాసువుగాఁ జిత్రించి సికందరునామా వ్రాసెను. 1299లో ఢిల్లీయందు అమీర్ ఖుస్రో 'ఆయినా-ఇ-సికందరీ' రచించెను. ఓడినవారు గెలిచినవానిని గథలలో దత్తు తీసికొనుట లోకమున నప్పుడప్పుడు జరుగుచునే యుండును.

ఈ పారసీకగాథలలో సికందరు భూమియంతయు గెలిచి, యమృతజలముకై చీఁకటిలోకమునఁ బ్రవేశించి, త్రాగకయే వెనుదిరుగును. లోభమున కంతము లేదని తాత్పర్యము. ఇదే తాత్పర్యమును మనవా రంతకు వేయేండ్లకుఁ బూర్వమే జగ్గయ్యపేటలో ఱాతిపైఁ జెక్కిరి. జగ్గయ్యపేట చెంతఁ గొండపై ధనంబోడను స్తూపస్థలము గలదు. 1882లో జేమ్సు బర్జెసు దానిని ద్రవ్వించెను. అచ్చటి ఫలకములలో నొకదానిపై చక్రవర్తి యొకఁడు కుడిచేయి పైకెత్తి నిలిచియుండఁగా మేఘములనుండి నాణెములు కురియుచున్నవి. చుట్టును సప్తరత్నము లున్నవి. ఇది క్రీ. పూ. మొదటి శతాబ్దపు శిల్పము. నేఁడు చెన్నపురి ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో నున్నది. ఆ చక్రవర్తి మాంధాత యని పండితులు గుర్తించిరి. బౌద్ధకథలో మాంధాత భూమినంతయు గెలిచి, స్వర్గమున నింద్రుని యర్ధాసనమును బొంది, యది చాలక పూర్ణాసనమును గోరి పడిపోవును. నాణెముల వాన కురిసినను దృష్ణ తీఱదని మరణసమయమున నతఁడు గ్రహించిన సత్యము. సికందరుకథను వినుటకుఁ బూర్వమే యతని కథకు నీతి యీ కొండపై నుండినది.

కాని రాజులు గాథలలోని నీతిని విడిచి పేరును మాత్రము గైకొనిరి. అల్లాయుద్దీను ఖిల్జీ (1296-1316) తన నాణెములపై 'రెండవ సికందరు' అని ముద్రింపించెను. లోకమంతయు జయింపఁబోదునని యతఁడు పలుకఁగా, ఆనాఁటి సికందరుకడ అరిస్టాటిలు వంటి మంత్రి యుండెను, నేఁ డట్టివాఁడెవఁడని ఢిల్లీ కొత్వాలు మందలించినట్లు బరనీ వ్రాసెను. మొదటి సికందరు చూడని తెలుఁగుదేశమును రెండవ సికందరు సేనలు చూచినవి. 1310లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడింపఁగాఁ బ్రతాపరుద్రుఁడు ధనరాసు లిచ్చి సంధి చేసికొనెను. తరువాత ఢిల్లీలో సికందరు లోడీ (1489-1517), కాశ్మీరమున, వంగదేశమున సికందరులు వచ్చిరి. బిజాపురపు కడపటి సుల్తాను సికందరు ఆదిల్షా బాల్యముననే గద్దె నెక్కి, 1686లో ఔరంగజేబునకు లొంగి, చెఱలో బ్రదుకు ముగించెను. జగజ్జేత పేరు ధరించి రాజ్యము పోఁగొట్టుకొన్నవారి పట్టిక యిట్లు పెరిగినది.

ఆ పట్టికకుఁ జివర మన సికింద్రాబాదు. 1798లో నిజామల్లీఖాను ఆంగ్లేయుల కుంఫిణీతో సైన్యసహకారసంధి చేసికొని, తన సొమ్ముతోఁ బరసైన్యమును బోషించుట కంగీకరించెను. ఆ సైన్యము హుస్సేనుసాగరమున కుత్తరమున దిగెను. అతని కుమారుఁడు అక్బర్ అలీఖాను, సికందరుజాహ్ బిరుదముతో 1803 నుండి 1829 వఱకు రాజ్య మేలెను. 1806లో నా దండుప్రదేశమున కాయన పేర సికందరాబాదని నామకరణము జరిగెను. 'నరరక్షకుఁ'డను పేరు, తన్నుఁ దాను రక్షించుకొనలేక పరులకు రక్షణభారము నప్పగించిన ప్రభువుపేరఁ బరులదండు విడిదికిఁ బడినది! చరిత్రమున నింతకంటె వికటమైన నామకరణ మరుదు. తెలుఁగువాని నాలుక యా పరిహాసము నెఱుఁగక, సికందరులో నింద్రుని వినిపించి సికింద్రాబాదుగాఁ జేసికొన్నది. జగ్గయ్యపేటకు సమీపమున 1948 వఱకు నిజాముసీమ యెల్ల యుండినందున, మెట్టసీమవారి కీ పేరు బండ్లబాటపై నిత్యపరిచితమే.

ఇఁక పడమటిదారి. 11వ శతాబ్దమున హంగరీనుండి వచ్చిన మార్గరెట్టురాణి స్కాట్లండున దన కుమారులలో నొకనికి అలెగ్జాండరని పేరు పెట్టెను. అతఁడును, పిమ్మట నిరువురును ఆపేరుతో రాజ్యము చేయుటచే నది స్కాచివారి యింటింటి పేరైనది. ఆ నామమే కుంఫిణీయుద్యోగులతో మన దేశమునకు మరల వచ్చినది. 1892లో భట్టిప్రోలు స్తూపమున ధాతుకరండములను వెలికిఁ దీసినవాఁడు అలెగ్జాండరు రీ. 1816లో తెలుఁగువ్యాకరణమును ఆంగ్లమునఁ బ్రకటించినవాఁడు అలెగ్జాండరు డంకన్ క్యాంబెల్. ఆ గ్రంథపు పీఠికలోనే ఎల్లిస్ దొర, తెలుఁగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, అరవ కన్నడములతో నేకమూలము గలదనియు నిరూపించెను. కాల్డ్వెల్ గ్రంథమునకది నలువదియేండ్ల పూర్వము. ఈ క్యాంబెల్ బళ్లారి కలెక్టరుగా 1823లో దన మండలమందలి బడుల స్థితిఁ గూర్చి వ్రాసిన నివేదిక మనము చదువఁదగినది. తొమ్మిదిలక్షలకు మించిన జనమునకు 533 బడులు. వానిలో 6,641 విద్యార్థులు. అందఱిలోను బాలికలు అఱువదిమంది. ఆ సంఖ్యను జూచిన పిమ్మట మన పూర్వవిద్యావైభవమును గూర్చి పలుకునపు డెవ్వరైనను గొంత స్వరము తగ్గింపవలసినదే.

పేరి యర్థమును జీవితమున సార్థకము చేసినవారు లేకపోలేదు. రుష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు 1861లో రెండుకోట్లకుఁ బైఁబడిన కట్టుబానిసలకు విముక్తి నొసఁగెను. వారికిచ్చిన భూమికి దీర్ఘకాలము క్రయధనము విధించి సగము మేలును మరలఁ దీసికొనెను. పోలండు తిరుగుబాటును గఠినముగా నణఁచెను. తుదకు 1881లో విప్లవకారుల చేతఁ జచ్చెను. అయినను 1861 చట్టము గొప్పదే. ఆయన మరణించిన సంవత్సరముననే స్కాట్లండున నొక కాపుకుటుంబమున అలెగ్జాండరు ఫ్లెమింగు పుట్టెను. 1928లో నతఁడు బూజునందుఁ గనిపెట్టిన పెనిసిలినును, తరువాత ఫ్లోరీ, చెయిన్ మొదలగువారు మందుగా సిద్ధపఱచిరి. పుండు కుళ్లియు, కాన్పుజ్వరముచేతను, ఊపిరితిత్తుల వాపుచేతను జావవలసిన లెక్కలేనంతమంది నది బ్రదికించినది. 'నరులను రక్షించువాఁడు' అను సమాసమునకు మూఁడువేలయేండ్లకు సరియైన విగ్రహవాక్యము దొరకినది. అది యుద్ధభూమిలోఁ గాక యొక ప్రయోగశాలలో గాజుపళ్లెమునందు దొరకినది.

ఇన్ని పేరుల నడుమ మొదటి ప్రశ్న నిలిచియున్నది: పేరు దేనిచేత నిలుచును? అధికారముచేత నని సులభముగాఁ జెప్పవచ్చును. మైసీనీపలకపైని అలెక్సాండ్రాకు నధికార మున్నట్లు మన మెఱుఁగము. మన జగ్గయ్యపేటయును దీనికి సాక్ష్య మిచ్చుచున్నది. అచ్చటి స్తూపమున స్తంభములపై ఇక్ష్వాకురాజైన మాఢరీపుత్ర వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యవత్సరపు ప్రాకృతశాసనము గలదు. క్రీస్తుశకము 3వ శతాబ్దపుది. స్తంభముల నిలిపినవాఁడు రాజు కాఁడు, మంత్రి కాఁడు. నడతూరు వాస్తవ్యుఁడైన నాగచంద్రుని కుమారుఁడు, మహాకడురూరు నివాసి, సిద్ధార్థుఁడను శిల్పకారుఁడు. వెలగిరియందలి మహాచైత్యము తూర్పువాకిట నతఁ డైదు ఆయకస్తంభములను సర్వసత్త్వహితసుఖార్థము నిలిపెను.

ఆ శాసనములో నతఁడు తన పేరుతోఁ దృప్తి చెందలేదు. తల్లి నాగిలని పేరు ముందు పెట్టెను. భార్య సముదని, కొడుకు మూలసిరి, కూఁతురు నాకబుధనిక, తమ్ముఁడు బుధినాకుఁడు, మఱఁదలు కనిక, వారి కొడుకులు నాగసిరి చందసిరులు, కూఁతురు సిధథనిక—ఇందఱిని బేరుపేరునఁ జెప్పెను. చిన్నదాని పేరు పెదతండ్రి పేరునుండియే పుట్టినదని వినఁగానే తెలియుచున్నది. అయిదుగురు స్త్రీలలో నొక్కతెయైన 'ఫలానావాని భార్య', 'ఫలానావాని కూఁతురు' అని మాత్రమే మిగిలిపోలేదు. ఉలిపట్టిన యొక గృహస్థుఁడు పదునేడువందలయేండ్ల క్రిందట, మన మెట్టసీమలో, ఇంటి యాఁడువారి పేరులు ఱాతికెక్కఁదగినవని తలఁచెను. ఆ కాలపు సేనాధిపతులలో నెందఱి పేరులో మాసిపోయినవి; బాలిక సిధథనిక పేరు నిలిచినది.

ఇపుడు మన యిండ్లలోని వంశవృక్షములను దీసి చూడుఁడు. కొడుకులు కొమ్మలై, మనుమలు రెమ్మలై యుందురు. ఆఁడుబిడ్డలకుఁ జిగురైన నుండదు. కోడండ్ర పేరు లసలే లేవు. ముత్తాతపేరు తడుముకొనక చెప్పు బడిపిల్లలు, ముత్తవ పేరడిగినచో మౌనము వహింతురు; ఇంటికిఁ బోయి యడిగినను బెద్దలకే తెలియదు. ఆమె యా యింట వండినది, కన్నది, పెంచినది, రోగులకు రాత్రులు మేలుకొన్నది. నరరక్షణ మనఁగా నింకేమున్నది? ఆ పని చేసినవారి పేరు వ్రాయక, నగరములు కాల్చినవాని పేరును బిల్లలకుఁ గంఠస్థము చేయించుచున్నాము.

దీనికి ధనమక్కఱలేదు, శాసనమక్కఱలేదు, పండితు లక్కఱలేదు. ఇంటిలోని వృద్ధురాలు జీవించియుండఁగానే యామె చెంతఁ గూర్చుండి, ఆమె తల్లి పేరు, తల్లితల్లి పేరు, వారు పుట్టిన యూరు, చచ్చిపోయిన యాఁడుబిడ్డల పేరులు నడిగి యొక పుస్తకమున వ్రాసియుంచుఁడు. వివాహపత్రికలలోను, ఇండ్లపైఁ జెక్కించు ఫలకములలోను తల్లిపేరును దండ్రిపేరుతో సమానముగా వేయుఁడు. మట్టిపలకపై నొక వ్రాయసకాఁడు చేసిన పని, ఱాతిపై సిద్ధార్థుఁడు చేసిన పని, కాగితముపై మనకుఁ గష్టము కాదు. జగజ్జేతల పేరులను లోకము తనంతటఁ దానే మోయుచున్నది. తక్కినవారి పేరులను మోయుట యింటివారి పని.